పై నాలుగు వరుసలు

మేస్త్రి ఎవరింటికి వెళ్ళినా ముందు గోడను పలకరిస్తాడు, తర్వాతే మనిషిని. కుడిచేతి మధ్యవేలు మడిచి, ఆ కణుపుతో రెండు దెబ్బలు. టక, టక. ఆ తర్వాత తల కొంచెం వంచి, గోడ ఏమంటుందో వింటాడు. నలభై ఏళ్ళు తాపీ పట్టి గోడలకు పూత పూసిన మనిషి. సిమెంటు లోపలిదాకా పట్టిందా, పైపైన అతుక్కుని లోపల గాలి మిగిలిందా అన్నది ఆయన చెవితోనే చూస్తాడు. పట్టిన గోడ నిండుగా పలుకుతుంది. పట్టనిది డొల్ల కొడుతుంది. ఊళ్ళో ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు, టకటక మేస్త్రి అంటేనే తెలుస్తుంది. పెళ్ళికి ముందు తనను చూడటానికి వచ్చిన రోజున కూడా తన ముఖం చూడకుండా తన వెనక గోడ కొట్టి చూశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంటుంది.

అలాంటి మనిషి, కొడుకు ఉద్యోగం చేసే ఊరికి, వాడు చేరిన మూడేళ్ళకు, మొదటిసారి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. రైలు దిగి, మూడంతస్తుల మెట్లెక్కి, కొడుకు తలుపు తీయగానే కుశలం అడగలేదు. గుమ్మం పక్కన రెండు దెబ్బలు వేసి, "నిండుగానే ఉంది, రా" అన్నాడు. ఇల్లు తనదైనట్టు, కొడుకే చుట్టపుచూపుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టు.

కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

సాయంత్రం స్నానం చేసి తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "అమ్మాయ్, కుళాయి పక్కన కింద నుంచి నాలుగో టైలు ఉంది చూడు, దానికి ఏమీ తగిలించకండి. ఊడుతుంది" అన్నాడు.

"ఇంటి ఓనరు పోయినేడే వేయించాడు మామయ్యా."

"వేయించాడమ్మా. అతికించలేదు."

కోడలు ఆ మాట నవ్వి తేలిగ్గా తీసేసింది. తెల్లారి అలవాటు కొద్దీ ఆ టైలుకున్న కొక్కేనికి తడి తువ్వాలు తగిలించి ఇటు తిరిగిందో లేదో, వెనక ఢామ్మని చప్పుడు. తువ్వాలు, కొక్కెం, టైలు మూడూ కలిసి బకెట్లో పడ్డాయి. అత్తాకోడళ్ళు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. మేస్త్రి మాత్రం కాఫీ తాగుతూ, "చెప్పాను గదా" అని కూడా అనలేదు. అనాల్సిన అవసరం ఆయనకెప్పుడూ ఉండదు.

నవ్వనివాడు కొడుకొక్కడే. బకెట్లో నిలువునా పడి ఉన్న ఆ టైలు వెనకవైపు చూస్తే, సిమెంటు నాలుగు చుక్కలుగా అంటి ఉంది, మధ్యంతా ఖాళీ. వాడు గబుక్కున దాన్ని తీసి, వెనకవైపు కనబడకుండా గోడకు ఆనించాడు.

ఎందుకంటే వాడి ఉద్యోగమూ అదే. కట్టడాలను తనిఖీ చేసే ఒక కంపెనీలో చెకింగ్ ఇంజనీరు. తండ్రి వేలి కణుపుతో చేసే పని వాడు మెడలో కార్డు వేసుకుని, చిన్న ఉక్కు సుత్తితో చేస్తాడు. కొట్టాలి, వినాలి, కాగితం మీద గీసిన గళ్ళలో టిక్కు పెట్టాలి. తన పని కొడుక్కి ఇలా చొక్కా నలగకుండా అందిందని మేస్త్రికి ఎంత మురిపెమో. "మావాడు గోడలు కట్టడండీ. కట్టినోళ్ళ గోడలు కొట్టి చూస్తాడు. వాడు ఊ అంటేనే తలుపులు తెరుస్తారు" అని దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చెప్పేవాడు.

ఏడాది కిందట దగ్గరి సిటీలో కొత్త లైబ్రరీ కట్టారు. లోపల పెద్ద హాలు, హాల్లో ఒక గోడంతా నున్నటి రాతి పలకలు, కింద నుంచి పైకి పన్నెండు వరుసలు. ఆ గోడ పాస్ చేసింది కొడుకే. గుమ్మం పక్కన ఇత్తడి ఫలకం మీద పనిచేసినవాళ్ళ పేర్లు చెక్కారు, ఏడో వరుసలో వాడి పేరు. వాడు ఫోన్లో ఫొటో తీసి పంపితే, తండ్రి దాన్ని పెద్దది చేయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, ఇంట్లో అద్దం పక్కన తగిలించాడు. గడ్డం గీసుకున్నప్పుడల్లా తన ముఖం ఒకసారి, కొడుకు పేరు ఒకసారి చూసుకుంటాడని అమ్మ ఫోన్లో చెప్పి నవ్వేది. ఇంత దూరం రైలెక్కింది కూడా సగం కొడుకు కోసం, సగం ఆ గోడ కోసం.

తండ్రిని ఆ గోడ దాకా పోనివ్వకుండా ఎలా ఆపాలా అని కొడుకు వారం రోజులుగా ఆలోచిస్తున్నాడు. వాడు ఆ గోడ ఎనిమిది వరుసల దాకే కొట్టి చూశాడు. పై నాలుగూ కొట్టలేదు. అప్పటికి తెల్లారితే ప్రారంభోత్సవం. పరంజా విప్పేశారు, మెట్ల మీద కొత్త తివాచీ పరుస్తున్నారు. "ఎనిమిది బాగుంటే ఆ నాలుగు మాత్రం ఎక్కడికి పోతాయయ్యా, పెట్టెయ్" అన్నాడు పై ఆఫీసరు. కొడుకు పన్నెండు గళ్ళలోనూ టిక్కులు పెట్టి, కింద సంతకం చేసి, ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఏడాదిగా ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేసరికి వాడు కూడా ఆ నాలుగు వరుసలు కొట్టినట్టే నమ్మసాగాడు. ఈ ముసలాయన చెవి ఒకటి రైలెక్కి వస్తుందని ఎవరనుకున్నారు.

అందుకని చూపించాల్సినవాటి జాబితా చాలా పొడుగ్గా రాశాడు. మొదటి రోజు ఊళ్ళోవే. పొద్దున చెరువు, దాని మీద పడవ, మధ్యాహ్నం ఊరి చివర పాత కోట. చెరువు సాఫీగా గడిచింది, నీళ్ళకు కొట్టి చూడటానికేమీ ఉండదు గనుక. కోటలోనే వచ్చింది తంటా.

కోట లోపల రాజుగారి గది. జనమంతా పైకప్పు బొమ్మలు చూస్తుంటే, మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని గోడ అడుగున చెవి పెట్టి కొడుతున్నాడు. టక, టక. ఒక అడుగు పక్కకి జరిగి మళ్ళీ టక, టక. తలకి కట్టుకున్న తుండుగుడ్డ జారి మెడలో పడింది.

కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్ పెద్దాయనా, ముట్టుకోకూడదు. బోర్డు చదవలేదా?"

"చదివాను బాబూ. చూడండి అని రాశారు. చూస్తున్నా."

చుట్టూ నలుగురు నవ్వారు. ఒకమ్మాయి ఫోనెత్తి వీడియో కూడా తీయబోయింది. కొడుక్కి తల కొట్టేసినట్టయింది. గబగబా మధ్యలో దూరి, కాపలావాడి భుజం మీద చెయ్యేసి, తండ్రిని చూడకుండా అన్నాడు. "పోనీలే అన్నా. మావాళ్ళే. పల్లెటూరు, కొంచెం అలవాటు లేదు."

మేస్త్రి లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. ఆ మాట విన్నాడో లేదో తెలియలేదు. గది దాటాక కొడుకు చెవి దగ్గరికి వంగి, ఎవరికీ చెప్పకూడని రహస్యంలా, "మూలమూలా చూశానురా. ఎక్కడా డొల్ల లేదు. ఎవరు పూశారో గానీ మహానుభావుడు" అన్నాడు.

"సరే నాన్నా, పద. జనం చూస్తున్నారు."

ఆ సాయంత్రం అన్నాల దగ్గర కొడుకు చట్టం చేశాడు. "నాన్నా, రేపు సిటీ. అక్కడ గోడలూ అవీ ముట్టుకోకు. బాగుండదు. చేతులు జేబుల్లో పెట్టుకుని నడు."

"నా ప్యాంటుకు జేబులెక్కడివిరా?" అన్నాడు మేస్త్రి.

నిజమే. ఆయన ప్యాంట్లన్నిటికీ జేబులు కుట్టేసి ఉంటాయి. పని మీదున్నప్పుడు సిమెంటు పొడి జేబుల్లో చేరి తొడలు ఒరుసుకుపోతాయని, కొత్త ప్యాంటు కొన్న రోజే భార్య చేత జేబు నోళ్ళు కుట్టించేస్తాడు. పని మానేసి రెండేళ్ళయినా ఆమె కుడుతూనే ఉంది, ఆయన తొడుగుతూనే ఉన్నాడు.

"నాది ఇస్తాలే" అన్నాడు కొడుకు.

కోడలు మొగుడి వంక ఒక చూపు చూసింది. అత్త మాత్రం సూదీదారం తీసి, కొడుకు ప్యాంటు కాళ్ళు రెండంగుళాలు మడిచి కుడుతూ, "పోనీలే, ఈ వయసులోనన్నా జేబులున్న మనిషి పెళ్ళాన్నయ్యా" అంది.

మర్నాడు ఆదివారం. సిటీకి గంటన్నర బస్సు. దిగిన దగ్గర్నుంచీ మేస్త్రి చేతులు జేబుల్లోంచి తీస్తే ఒట్టు. గడియారం స్తంభం చూశాడు, చేతులు జేబుల్లోనే. నది మీద పాత వంతెన చూశాడు, రాతి పిట్టగోడ పక్కనే నడిచాడు, చేతులు జేబుల్లోనే. అమ్మ వెనకనుంచి, "ఏమయ్యోయ్, చేతులు ఎవరికన్నా అమ్ముకున్నావా?" అని ఆటపట్టించింది.

"కొడుక్కి దాచమనిచ్చా" అన్నాడాయన.

కోడలు నవ్వింది. కొడుకు నవ్వినట్టు ముఖం పెట్టాడు.

పెద్ద షాపులో కదిలే మెట్లున్నాయి. అమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని ఎక్కేసింది. మేస్త్రి వెనక ఎక్కాడు. పక్కనున్న రబ్బరు పట్టీ పట్టుకోవాలంటే చేతులు బయటికి తీయాలి. తీయలేదు. మెట్టు విడిపోయేచోట కాలు తడబడి వెనక్కి వాలాడు. వెనకున్న కొడుకు నడుం పట్టుకుని ఆపకపోతే ఏమయ్యేదో.

"పట్టుకోవచ్చుగా నాన్నా."

"అది గోడ లెక్కలోకి వస్తుందో రాదో తెలియలేదురా" అన్నాడు మేస్త్రి. ఎగతాళికి అన్నట్టు లేదు. నిజంగా తెలియకే అడిగినట్టుంది. కొడుకు తల దించుకున్నాడు. వాడి అరచేతికి తండ్రి నడుం ఎముక ఎంత సన్నగా తగిలిందో ఆ పూటంతా తెలుస్తూనే ఉంది.

అయినా తన లెక్క తాను వేసుకుంటూనే ఉన్నాడు. మ్యూజియంలో కత్తులు చూపించాడు, కుండలు చూపించాడు, చచ్చిన పక్షుల్ని కూడా ఒక్కొక్కటిగా చదివి వినిపించాడు. అమ్మ మోకాళ్ళు పట్టేశాయి.

"ఇంతకీ మన గోడ ఏదిరా?" అంది.

"ఐదింటికి మూసేస్తారమ్మా. టైముంటే చూద్దాం."

"ఆదివారం ఎనిమిదిదాకా ఉంటుందని నువ్వేగా చెప్పావు" అంది కోడలు. పాపం, ఆమెకేం తెలుసు.

లైబ్రరీ మెట్లెక్కుతుంటే కొడుకు కాళ్ళు ఈడ్చుకుంటూ వెనకబడ్డాడు. అమ్మ ముందే వెళ్ళి ఇత్తడి ఫలకం దగ్గర నిలబడి, ఏడో వరుస వెతికి, వాడి పేరు మీద వేలు పెట్టి అక్షరం అక్షరం తడిమింది. చీరకొంగుతో ఆ ఒక్క వరుసా తుడిచింది. మిగతా పేర్లు దుమ్ముతోనే ఉన్నాయి. ఆమెకు వాటితో పనిలేదు.

మేస్త్రి ఫలకం వైపు చూడలేదు. అది ఆయన రోజూ చూసేదే. హాల్లోకి వెళ్ళి గోడ ముందు నిలబడిపోయాడు. ఒక పక్క నేల నుంచి పైకప్పుదాకా బూడిదరంగు రాళ్ళు, పలకకు పలకకు మధ్య గీత గీసినట్టు సన్నని సందు. గోడ వెంట మెట్లు పై అంతస్తుకు వెళ్తున్నాయి. మలుపు దగ్గర నిలబడి చెయ్యి చాస్తే పై వరుసలు అందుతాయి. గోడ కిందే వరుసగా బెంచీలు, వాటి మీద పేపర్లు చదువుకునేవాళ్ళు. మోకాళ్ళ నొప్పితో అమ్మ కూడా ఒక బెంచీ మీద చతికిలబడింది.

"ఒరే" అన్నాడు మేస్త్రి మెల్లిగా. "ఒక్కసారి తీయనా?"

చేతుల సంగతి అడుగుతున్నాడని కొడుక్కి అర్థమయ్యేసరికి ఒక క్షణం పట్టింది. అరవై ఏడేళ్ళ మనిషి, తన చేతులు తాను బయటికి తీసుకోవడానికి కొడుకు అనుమతి కోసం నిలబడ్డాడు. కొడుకు తల ఊపాడు.

మేస్త్రి కుడిచెయ్యి తీసి, వేలు మడిచి, కొట్టాడు. టక, టక. ముఖం విప్పారింది. "నిండు" అన్నాడు. పక్క పలక. "నిండు." కింది నుంచి మొదలుపెట్టి, మెట్లు ఎక్కుతూ, ఒక్కో పలకనూ పలకరిస్తూ పోయాడు. ప్రతి దెబ్బకీ వెనక్కి తిరిగి కొడుకు వంక చూసి, పాసయిన పిల్లాడి కాగితం చదివినట్టు, "నిండు. నిండు రా" అంటున్నాడు. ఐదో వరుస, ఆరు, ఏడు. కొడుకు కింద నిలబడి మనసులో లెక్కపెడుతున్నాడు. ఎనిమిది. మేస్త్రి మలుపు దగ్గరికి చేరి, కటకటాల మీంచి వంగి, చెయ్యి చాచాడు.

డబ్.

హాల్లో ఎవరూ తలెత్తలేదు. వినడం తెలిసినవాళ్ళు అక్కడ ఇద్దరే.

మేస్త్రి మళ్ళీ కొట్టాడు. డబ్. పక్కది, డబ్. దాని పైది, టక. ఆ పక్కది, డబ్. ఇక "నిండు" అనలేదు, "డొల్ల" అని కూడా అనలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ పలకల నుంచి చూపు తిన్నగా కిందికి దించాడు. సరిగ్గా కింద ఆయన భార్య కూర్చుని మోకాలు నిమురుకుంటోంది. ఒక్కో పలక సగం సిమెంటు బస్తా బరువుంటుంది. అది ఆ ఇద్దరికీ తెలుసు.

మేస్త్రి మెట్లు దిగి వచ్చాడు, తొందరేమీ లేనట్టు. భార్య దగ్గరికి వెళ్ళి, "లే. ఇక్కడ ఎండ పడుతోంది. అటు కూర్చో" అన్నాడు.

"ఎండేంటయ్యా, ఈ మూల దీపాలేసుకుని కూర్చుంటే."

"లే చెప్తా."

ఆమెను అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టి మళ్ళీ వచ్చాడు. పేపరు చదువుతున్న ముసలాయనతో, "బాబుగారూ, అటువైపు వెలుతురు బాగుంది" అన్నాడు. ఆయన చిరాగ్గా చూసి లేచాడు. పుస్తకాలు పరుచుకున్న ఇద్దరమ్మాయిలతో, "తల్లీ, ఇక్కడ చీమలు పట్టాయి" అన్నాడు. వాళ్ళు కాళ్ళు ఎత్తుకుని మరీ పారిపోయారు. నిద్రపోతున్న ఒకతన్ని తట్టి, "నిన్నెవరో బయట అడుగుతున్నారయ్యా" అన్నాడు. ఇలా ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పి, జన్మలో అబద్ధం ఆడని మనిషి, నాలుగు బెంచీలు ఖాళీ చేయించాడు.

కొడుకు కదలకుండా చూస్తున్నాడు. ప్రతి అబద్ధం తన కోసమే. తన పేరు గుమ్మం దగ్గర మెరుస్తోంది గనుక, ఎవరికీ అసలు సంగతి చెప్పకుండా, తండ్రి ఒక్కో తలనూ ఆ గోడ కింద నుంచి పక్కకి జరుపుతున్నాడు. తిట్టినా బాగుండేది. నలుగురిలో చెంప మీద కొట్టినా బాగుండేది.

ఆఖరి మనిషిని పంపించాక మేస్త్రి కొడుకు దగ్గరికి వచ్చాడు. "బాగుంది. పెద్ద బిల్డింగు" అన్నాడు. అని, ఎవరూ చెప్పకుండానే, రెండు చేతులూ తనంతట తాను జేబుల్లో పెట్టుకున్నాడు.

కోడలు ఫోను తీసింది. "అత్తయ్యా, మామయ్యా, రండి, గోడ ముందు ఫొటో తీస్తా."

"అక్కడొద్దమ్మా" అన్నాడు మేస్త్రి. "బయట తీసుకుందాం."

"దీని కోసమేగా వచ్చింది" అంటూ అమ్మ అప్పుడే కొంగు సర్దుకుని, నడవలేక నడుస్తూ గోడ కిందికి బయల్దేరింది. ఆమె అటు రెండడుగులు వేసేసరికి కొడుకు నోటిలోంచి మాట దానంతటదే ఊడిపడింది.

"అమ్మా, ఆగు. అక్కడికి పోవద్దు." తర్వాత తండ్రి వైపు తిరిగి, "నాన్నా, పై నాలుగు వరుసలూ నేను కొట్టలేదు" అన్నాడు.

మేస్త్రి తల ఊపాడు. "నీ చెవి చెడిందేమో అనుకున్నా. కొట్టి కూడా వినపడలేదేమో అని. అదే అయ్యుంటే బాగుండు అనుకుంటూ దిగానురా."

కొడుకు మెట్ల మలుపు వైపు చూశాడు.

"ఈ మెట్లు అప్పుడు లేవా?"

పరంజా విప్పేశారని, తివాచీ పరుస్తున్నారని, పై ఆఫీసరు తొందరపెట్టాడని, ఏడాదిగా దాచుకున్న సమాధానాలన్నీ వరుసగా కొడుకు నాలుక మీదికి వచ్చి, ఒక్కొక్కటే వెనక్కి పోయాయి.

"ఉన్నాయి" అన్నాడు.

మేస్త్రి చొక్కా జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి వాడి చేతికిచ్చాడు. "అయితే ఇప్పుడు కొట్టు. డొల్లవాటికి గుర్తు పెట్టు. నేను ఇక్కడ్నుంచి వింటా."

సుత్తి లేదు. కొడుకు మెట్లెక్కి, మలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కటకటాల సందులోంచి చెయ్యి చాచి, వేలు మడిచి కొట్టాడు. డబ్. గుర్తు. టక. డబ్. గుర్తు. అలవాటు లేని కణుపు నాలుగో దెబ్బకే గీరుకుపోయింది. పేపర్ల వెనక నుంచి ఒక్కో తలే లేచింది. చీమలకు భయపడి పోయిన అమ్మాయిలిద్దరూ వాడి వంక చూసి ఏదో గుసగుసలాడుకుని నవ్వారు. నిన్న కోటలో తండ్రి వీపు మీద పడిన చూపులు ఎలా ఉంటాయో ఇప్పుడు వాడి వీపుకు తెలుస్తోంది.

లైబ్రరీ కాపలావాడు వచ్చాడు. "ఏయ్, ఏంటది? గోడలు ముట్టుకోకూడదు, దిగు."

కింద నుంచి మేస్త్రి అన్నాడు. "ఏమీ అనుకోకు బాబూ. మావాడే. కొంచెం అలవాటు తప్పింది."

గొంతులో వెటకారం లేదు. కొడుకు పెన్సిలు ఆగిపోయింది. నిన్న ఆయన విన్నాడన్నమాట. ప్రతి ముక్కా విన్నాడు. నేల చీలితే బాగుండునని మనుషులు ఎందుకంటారో వాడికి ఆ మెట్ల మీద తెలిసొచ్చింది. నేల చీలలేదు. వాడు ఇంకో పలక కొట్టాడు. డబ్.

చెయ్యి అందినంతలో పదకొండు గుర్తులు పడ్డాయి. చెయ్యి అందనివి ఇంకెన్నో.

గొడవ విని లైబ్రేరియన్ మేడం కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని వచ్చింది. కొడుకు దిగి, రాళ్ళు సరిగ్గా అతుక్కోలేదని, కింద ఎవరూ కూర్చోకూడదని చెప్పాడు. ఆమె పైకి చూసింది, ఖాళీ బెంచీల వంక చూసింది, ముఖం పాలిపోయింది.

"కట్టి ఏడాదేగా అయింది. దీన్ని పాస్ చేసినవాళ్ళెవరు?"

"అక్కడ ఉంది మేడం. ఏడో వరుస."

"పిలిపిస్తానుండండి అతన్ని. రాతపూర్వకంగా..."

"పిలవక్కర్లేదు మేడం. వచ్చాను."

ఆమె అద్దాలు కిందికి దించుకుని వాణ్ణి పరకాయించి చూసింది. తన సీటు దగ్గరికి వెళ్ళి, సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టింది. కొడుకు పై ఆఫీసరుకు ఫోన్ చేశాడు. "ఆదివారం పూట ఏంటయ్యా ఇది. రేపు ఆఫీసులో మాట్లాడుకుందాం. నువ్వేమీ రాయకు" అన్నాడాయన. కొడుకు ఫోను పక్కన పెట్టి రాశాడు. పన్నెండు వరుసలకు ఎనిమిదే చూశాను, పన్నెండూ చూసినట్టు సంతకం పెట్టాను అని రాశాడు. గీరుకుపోయిన వేలి రక్తం కాగితం అంచుకు అంటింది. సంతకం మాత్రం ఏడాది కిందటి సంతకంలాగే వంకర లేకుండా వచ్చింది.

ఈలోగా మేస్త్రి, కాపలావాడు కలిసి బెంచీలు అవతలికి మోశారు. మెట్ల దగ్గర తాడు కట్టారు. మోసేటప్పుడు మాత్రం మేస్త్రి చేతులు జేబుల్లో లేవు.

అమ్మకు సంగతి సగమే అర్థమైంది. అర్థమైన సగమే ఎక్కువైంది. బయటికొచ్చేటప్పుడు ఇత్తడి ఫలకం దగ్గర ఒక్క క్షణం ఆగింది, కొంగు చేతిలోకి తీసుకుంది, మళ్ళీ వదిలేసింది. ఫొటో మాట ఎవరూ ఎత్తలేదు.

తిరుగు బస్సు ఇంకా ఎండ తగ్గకముందే దొరికింది. లోపల పొయ్యి మీద కూర్చున్నట్టుంది. రేకు కాలుతోంది, కిటికీలోంచి వేడిగాలి ముఖాన కొడుతోంది. అమ్మ, కోడలు ముందు సీట్లో. కోడలు ఒకసారి వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసింది. వెనక సీట్లో కిటికీ పక్కన మేస్త్రి, ఆయన పక్కన కొడుకు. రేపు ఆఫీసులో ఏమవుతుందో ఆయన అడగలేదు. ఉద్యోగం ఉంటుందో పోతుందో అడగలేదు. నొసటి మీంచి చెమట కారి కనుబొమ్మల్లో ఆగుతోంది. తుడుచుకోవాలంటే చెయ్యి కావాలి. చేతులు రెండూ కొడుకు ప్యాంటు జేబుల్లో ఉన్నాయి.

కొడుకు చాలాసేపు చూసి, చూడలేక అన్నాడు. "నాన్నా, చేతులు బయటికి తీసుకో. ఇంక పరవాలేదు."

మేస్త్రి కిటికీ వైపే చూస్తూ, పేపరు ముసలాయనతో మాట్లాడిన ఆ మెత్తటి గొంతుతోనే అన్నాడు.

"ఉండనీలేరా. చలిగా ఉంది."